మాడు వాసన

ప్రతి ఆదివారం బావగారి కుటుంబం వచ్చి, అందరి భోజనాలయ్యాక తీపి పెట్టడం ఆ ఇంట్లో చిన్నకోడలి వంతు. ఎవరూ పిలిచి అప్పగించలేదు, అదంతట అదే ఆమె చేతికొచ్చింది. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె వండిన కూర నోట్లో పెట్టుకుని అందరూ మంచినీళ్ళ గ్లాసు కోసం వెతుక్కునేవారు. తోటికోడలేమో వంటలో చెయ్యి తిరిగిన మనిషి. ఆవిడ పక్కన నిలబడితే చిన్నకోడలికి గరిటె పట్టుకోవడానికే సిగ్గేసేది. అలాంటిది ఒక రోజు మిగిలిపోయిన బ్రెడ్డు ముక్కల్ని పాలల్లో నానబెట్టి, గుడ్డు కలిపి, ఆవిరి మీద పుడ్డింగ్ చేసింది. బావగారు గిన్నె అడుగు గీకి మరీ తిన్నారు. అత్తగారు మారు వేయించుకుంది. ఆ పూటతో ఆ ఇంట్లో ఆమెకంటూ ఒక చోటు ఏర్పడింది.

ఆ తర్వాత ఎన్ని నేర్చుకుందో! కస్టర్డు, బిస్కెట్లు పేర్చి చేసే పుడ్డింగు, ఓవెన్ లేకుండా గిన్నెలో కాల్చే కేకు. అన్నీ తేలికవే, అరగంటలో అయిపోయేవే. వారమంతా కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములకి అద్దాలు బిగించి బిగించి వంగిపోయిన నడుము, ఆదివారం వెనిల్లా సీసా మూత తీయగానే నిటారుగా లేచేది.

ఆ సీసాయే ఆమెకి మొదట చెప్పింది. వానలు మొదలైన రోజుల్లో జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక మొదటి ఆదివారం మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ లేదు. పాతదైపోయిందేమోనని కొత్త సీసా తెప్పించింది. అదీ అంతే. కాఫీ పొడి డబ్బా, సబ్బు, ఉల్లిపాయ, ఒకదాని తర్వాత ఒకటి వాసన చూస్తూ ఇల్లంతా తిరిగింది. చివరికి పడుకున్న కూతురి తల మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చింది. ఆ పిల్ల నెత్తి వాసన తనకి నిద్రలో కూడా తెలుస్తుంది. ఏమీ రాలేదు. మంచం పట్టె పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

డాక్టరు ముక్కులోకి లైటు వేసి చూసి, "వస్తుందమ్మా. కొందరికి టైం పడుతుంది. కొందరికి..." అని, ఆ మాట పూర్తి చేయకుండానే చుక్కల మందు రాశాడు. ఆమె ఆ చీటీ బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? "పాపం, నువ్వు కూర్చోమ్మా, మేం చేస్తాంలే" అంటారు. ఆ కూర్చోవడమంటేనే ఆమెకి భయం.

నాలుకకి తీపి తెలుస్తోంది, ఉప్పు తెలుస్తోంది. మిగతాదంతా మెత్తటి ముద్ద. అందుకని కొలతలు పట్టుకుంది. పాలు పొంగేదాకా కళ్ళార్పకుండా చూసేది. అప్పటికీ అనుమానం తీరకపోతే కూతుర్ని ఎత్తుకుని గిన్నె దగ్గరికి తీసుకెళ్ళి, "ఏం వాసనో చెప్పు చూద్దాం" అని ఆట ఆడించేది. ఇంకా పాల బుగ్గల పిల్ల. ఒకసారి "మంచి వాసన" అనేది, ఒకసారి "పిల్లి వాసన" అనేది. పిల్లి అన్న రోజు చిన్నకోడలు కస్టర్డంతా సింకులో పారబోసి మళ్ళీ చేసింది. తీరా చూస్తే కిటికీ బయట గోడ మీద పిల్లి కూర్చుని ఉంది.

"ఈ మధ్య మరీ ఈజీవే చేస్తున్నావేంటి చెల్లీ? బిస్కెట్ మీద క్రీము, క్రీము మీద బిస్కెట్. మీ బావగారికి పళ్ళూడిపోయాయనుకున్నావా?" అని తోటికోడలు నవ్వింది ఒక ఆదివారం. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. రాత్రి పక్క మీద ఆ మాటే చెవిలో తిరిగింది. వచ్చేవారం పొయ్యి మీద చేసేదే చెయ్యాలి, క్యారమెల్ కస్టర్డు చేసి చూపించాలి అనుకుంది.

ఆ ఆదివారం పొద్దుటి నుంచీ ఒకటే వాన. జల్లు లోపలికి కొడుతోందని కిటికీలన్నీ మూసేశారు. ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని ఫోనొస్తే టూల్సు బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళాడు. అత్తగారు వెనక గదిలో తలుపు వేసుకుని నడుం వాల్చింది. బావగారి కుటుంబం కూరల క్యారేజీతో వచ్చే వేళ కావస్తోంది. చిన్నకోడలు సన్నటి మంట మీద పాలు పెట్టి, గిన్నె మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడింది.

అంతలో బెల్లు మోగింది. పక్కింటావిడ, వాన నీళ్ళు మీ మెట్ల మీదికి కూడా వస్తున్నాయా అని అడగడానికొచ్చింది. ఆవిడ ఒక పట్టాన వదిలే రకం కాదు. మునిసిపాలిటీని, పైపుల వాణ్ణి, పై వాటా వాళ్ళని తిట్టడం పూర్తయ్యాక గానీ కదల్లేదు. చిన్నకోడలు పరుగున వంటింట్లోకొచ్చేసరికి పాలు పొంగి పొయ్యి చుట్టూ మడుగు కట్టాయి. మంట లేదు. హమ్మయ్య, కట్టేసే వెళ్ళాను కదా, కట్టేలోపు పొంగి ఉంటాయి అనుకుంది. కట్టి వెళ్ళింది నిన్న. ఈ రోజు కట్టలేదు. ఆ రెండు రోజులూ ఆమె కంగారులో ఒకటైపోయాయి.

గుడ్డతో గట్టు తుడిచింది. మిగిలిన పాలని వేరే గిన్నెలోకి వంచింది. పాల గిన్నె అడుగున గోధుమరంగు చార కనిపించింది గానీ, పట్టించుకునే తీరిక లేదు. గుడ్లు, చక్కెర, కస్టర్డు పొడి వేసి గిలకొట్టింది. ఇక చక్కెర కరిగించి పాకం పెట్టాలి. చిన్న గిన్నెలో చక్కెర పోసి రెండో పొయ్యి మీద పెట్టి లైటర్ అందుకుంది.

గుమ్మంలో కూతురు నిలబడి ఉంది, చేతిలో చెవి తెగిన కుందేలు బొమ్మతో. ముక్కు చిట్లించి అటూ ఇటూ చూసింది.

"అమ్మా, సిలిండర్ మామయ్య వచ్చాడా?"

"లేదు తల్లీ. ఇవాళ ఆదివారం, ఎందుకొస్తాడు?" అంటూ లైటర్ని పొయ్యి దగ్గరికి పెట్టింది.

"వచ్చాడు. దాక్కున్నాడు" అని పిల్ల తలుపు వెనక వెతకబోయింది.

చిన్నకోడలి బొటనవేలు లైటర్ మీదే ఆగిపోయింది. సిలిండర్ మార్చేవాడు వచ్చినప్పుడల్లా పిల్ల ముక్కు మూసుకుని "మామయ్య కంపు" అనడం, వాడు నవ్వడం, "కంపు నాది కాదు పాపా, గ్యాసుది" అనడం ఒక్కసారిగా తలలోకొచ్చాయి. పొయ్యి వైపు చూసింది. మొదటి పొయ్యి నాబ్ తెరిచే ఉంది.

లైటర్ని నొక్కకుండా, జారిపోకుండా, నిద్రపోతున్న పసివాణ్ణి పక్క మీద పెట్టినంత మెల్లగా గట్టు మీద పెట్టింది. నాబ్ తిప్పింది. సిలిండర్ దగ్గర వంగి అదీ కట్టింది. పిల్లని చంకనెత్తుకుని ముందు గదిలోకి పరిగెత్తి, తలుపులు, కిటికీలు బార్లా తెరిచింది. వాన జల్లు సోఫా మీదికి, టీవీ మీదికి కొడుతోంది. గడప మీద కూలబడింది. ఊపిరి పీలుస్తోంది, ఇంకా ఇంకా పీలుస్తోంది. గ్యాసు పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? గాలి ఎప్పటిలాగే ఉంది. అప్పుడూ ఇలాగే ఉంది.

"ఇప్పుడు మామయ్య ఉన్నాడా?" అని పిల్లని అడిగింది.

"వెళ్ళిపోయాడు. నా కుందేలు తడిసింది."

అత్తగారు కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చింది. "ఏమిటే అమ్మాయ్, ఇల్లంతా గ్యాసు వాసన?"

"పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది అత్తయ్యా. చూసుకున్నాను, కట్టేశాను."

"తలుపేసుకుని పడుకున్నదాన్ని, నాకు మెలకువొచ్చింది. అక్కడే నిలబడ్డదానివి నీకు తెలియలేదూ?"

"జలుబు కదా..." అని నీళ్ళు నమిలింది.

"వానలు మొదలైనప్పుడు పట్టిన జలుబు ఇంకా వదల్లేదా?"

ఆవిడ ఇంకేదో అనబోయేంతలో బావగారి స్కూటర్ వచ్చి ఆగింది. వెనకే తడిసి ముద్దయి ఆమె భర్త.

పాకం పెట్టే ధైర్యం లేకపోయింది. ఇంట్లో గాలి బాగా ఆడాక, అత్తగారు స్టవ్ వెలిగిస్తే, కస్టర్డుని ఉత్తదే ఆవిరి మీద ఉడికించి చల్లార్చింది. భోజనాలయ్యాయి. ఏం తిన్నదో ఆమెకి గుర్తు లేదు. కప్పుల్లో కస్టర్డు వేసి అందరి ముందూ పెట్టింది.

బావగారి పెద్దబ్బాయి రెండో స్పూను దగ్గర ఆగి, "పిన్నీ, ఇది మాడు వాస..." అన్నాడు. బల్ల కింద ఏదో తగిలినట్టుంది, మాట మింగేశాడు. తోటికోడలు కప్పులోకి చూస్తూ ఉండిపోయింది.

"బాగుంది. చాలా బాగుంది" అన్నాడు ఆమె భర్త, మందు మింగినట్టు గబగబా మింగుతూ.

ఆమె ఒక్కొక్కరి ముఖమే చూసింది. ఎవరూ తల ఎత్తలేదు. అప్పుడు తెలిసిపోయింది ఆమెకి.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"ఏమిటి ఎన్నాళ్ళ నుంచి?"

"ఎన్నాళ్ళ నుంచి ఇలా తింటున్నారు మీరంతా?"

బావగారు ముక్కుసూటి మనిషి. దాచడం చేతకాదు. "పోయిన వారం క్రీము కొంచెం పాతబడింది. అంతకు ముందు కేకులో గుడ్డు వాసన... అబ్బే, అంతేమీ లేదమ్మా" అని నసిగారు.

"మరి చెప్పలేదేం?"

"నేనే వద్దన్నాను" అంది అత్తగారు. "జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ నీ ముఖంలో కళ లేదు. అలిసిపోయి చేస్తోంది, ఏమన్నా అంటే మనసు కష్టపెట్టుకుంటుంది, నోరు మూసుకుని తినండి అన్నాను."

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "నాకు వాసన తెలియడం లేదత్తయ్యా. అసలేమీ తెలియడం లేదు. జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ" అంది. అని ఊరుకుంటే సరిపోయేది. కానీ లోపల ఉన్నదంతా కక్కేస్తే గానీ ఊపిరి ఆడేలా లేదు. డాక్టరు సగంలో ఆపిన మాట, నాబ్, లైటర్, పిల్ల అడిగిన మాట, అన్నీ చెప్పేసింది.

ఆయన కప్పు బల్ల మీద పెట్టాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. "లైటర్ చేతిలో పట్టుకున్నావా? పిల్ల అక్కడే ఉందా?"

"గుమ్మంలో..."

"నీకేమైనా మతి ఉందా?" అని ఒక్క అరుపు అరిచాడు. అలాంటి గొంతు ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. "కస్టర్డు బాగుందనిపించుకోవడానికా ఇదంతా? ఒక్క మాట, ఒక్క మాట చెప్పలేకపోయావా నాకు?" పిల్ల బెదిరి ఏడుపందుకుంది. ఆయన లేచి పిల్లని ఎత్తుకుని, వాన జల్లు పడుతున్న వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. పిల్ల ఏడుపు ఆగాక కూడా ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి.

తోటికోడలు వచ్చి పక్కన కూర్చుంది. "ఈజీవే చేస్తున్నావని వెటకారం చేశాను చూడు, నా నోరు పడిపోను. ఇక నువ్వు ఆ వంటింటి జోలికి పోకు. తీపి కూడా నేనే తెస్తాలే."

ప్రేమతోనే అంది. ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ ఆమె భయపడింది. వచ్చేసింది. వచ్చాక చూస్తే, లైటర్ పట్టుకున్న ఆ క్షణం కంటే చాలా చిన్నదిగా ఉంది.

"వద్దక్కా" అంది. "స్టవ్ ముట్టుకోను. కానీ తీపి నేనే చేస్తాను. ఎలా ఉందో మాత్రం మీరు నిజం చెప్పాలి."

ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు గ్యాసు లీకైతే కూసే అలారం తెచ్చి వంటింటి గోడకి బిగించాడు. పనిచేస్తుందో లేదో చూద్దామని బటన్ నొక్కితే, అది కూసిన కూతకి అత్తగారు చేతిలో పళ్ళెం వదిలేసింది. ఆ రాత్రి, "డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. కొందరికి ఏమవుతుందో నన్ను అడగనీ" అన్నాడు. డాక్టరు ఈసారి మాట పూర్తి చేశాడు. కొందరికి రాదట. ఏడాది దాకా మాత్రం ఆశ వదులుకోవక్కర్లేదట.

తర్వాతి ఆదివారం ఆమె స్టవ్ వెలిగించలేదు. తాజా క్రీము బావగారు తెచ్చారు. అత్తగారు వాసన చూసి సరేనంది. బిస్కెట్లని మరీ మెత్తబడకుండా చివరి నిమిషంలో విరిచి వేసింది. పళ్ళ కింద కరకరలాడాలని అత్తగారి చేత వేయించిన జీడిపప్పు, నాలుక జివ్వుమనాలని నిమ్మరసం వేసింది, గొంతులో చల్లగా దిగాలని క్రీముని ముందే గంటల తరబడి ఫ్రిజ్‌లో ఉంచింది. తన నోటికి ఏమేం మిగిలాయో వాటితోనే చేసింది. అవసరం లేకపోయినా వెళ్ళి నాబ్‌లు తడిమి చూసింది, మళ్ళీ మళ్ళీ.

కప్పులు అందరి ముందూ పెట్టి, ఈసారి తను కూర్చోలేదు. కుర్చీ వీపు మీద చేతులు ఆనించి నిలబడింది.

"చెప్పండి."

బావగారు నోట్లో పెట్టుకుని, తమ్ముడి వైపు ఒకసారి చూసి గొంతు సవరించుకున్నారు. "చక్కెర ఎక్కువైందమ్మా. నిమ్మరసం చాలదు."

తోటికోడలు అవునని తల ఊపింది. "జీడిపప్పు మాత్రం బాగుంది" అన్నాడు పెద్దబ్బాయి, ఎవరూ కాలు తొక్కకుండానే.

చిన్నకోడలికి ఒక్క క్షణం చివుక్కుమంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఇంకో నిమ్మకాయ కోసుకొచ్చి, ఒక్కొక్కరి కప్పులో పిండడం మొదలుపెట్టింది.