ఎడమ మూల కింద అట్టముక్క

మా అక్క నన్ను చిన్నప్పట్నుంచీ హడావిడి అనే పిలుస్తుంది. ఆ పేరు ఊరికే రాలేదు. అన్నం ఉడక్కముందే కంచం ముందు కూర్చునే రకాన్ని నేను. ఆలస్యం అమృతం విషం అని నేనంటే, నిదానమే ప్రధానం అని తననేది. ఇప్పుడు తను ఏమన్నా కంప్యూటరే అనాలి.

అక్క గొంతులో గడ్డ లేచింది, ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. రెండేళ్ళ కిందటి మాట. ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు కూర్చోబెట్టి అక్క చేత వేల వాక్యాలు చదివించి రికార్డు చేశాను. కంప్యూటర్లు బాగుచేయడమే నా బతుకుతెరువు కదా, ఆ మాత్రం చేతకాకపోతే ఎందుకు? ఒక పాత లాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కించి, టైప్ చేస్తే అక్క గొంతుతోనే పలికే ప్రోగ్రామ్ పెట్టిచ్చాను. అక్క స్కూల్లో లెక్కల టీచర్. ఆ గొంతుతోనే మళ్ళీ పాఠం చెప్పడం మొదలుపెట్టింది.

ఈమధ్య దానికో రోగం పట్టుకుంది. మూత వేస్తే నిద్రపోతుంది, తీస్తే లేస్తుంది, అంతవరకూ బాగానే ఉంది. లేచాక మాత్రం నత్తనడక. తెర మీద కిటికీ తెరుచుకోవడానికి పది సెకన్లు, అక్షరం పడటానికి రెండు, వాక్యం పలకడానికి అర నిమిషం. ఆపి మళ్ళీ మొదలుపెడితే సర్దుకుంటుంది కానీ, ఇంకోసారి నిద్రపోయి లేస్తే మళ్ళీ మామూలే.

ఇంట్లో మా బావ సంగతి చెప్పాలి. "టీ పెట్టనా?" అని అడుగుతాడు. అక్క "వద్దు" అని టైప్ చేస్తుంది. ఆ "వద్దు" వినపడేసరికి టీ వచ్చి ముందు కూర్చుంటుంది. "ఒక్క అర నిమిషం ఆగలేవా బావా? కొంపేం మునిగింది?" అని చెడామడా తిట్టాను. నవ్వేసి ఊరుకున్నాడు.

స్కూల్లో నవ్వుకునే పరిస్థితి లేదు. బోర్డు మీద అక్క మూడో లెక్కలో ఉంటే, గొంతు ఇంకా మొదటి లెక్క చదువుతోందట. పిల్లలు గొల్లుమన్నారు. హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, గురువారం పదకొండింటికి మేనేజ్‌మెంట్ వాళ్ళు వచ్చి క్లాసులో కూర్చుంటారనీ, సరిగ్గా జరిగితే సరేననీ, లేకపోతే లైబ్రరీకి మారుస్తామనీ చెప్పింది. "అక్కడైతే మాట్లాడాల్సిన పనే ఉండదు కదమ్మా" అందట, ఎంతో ప్రేమగా. అది నాకు చెప్పి అక్క ఏడ్చింది. ఏడుపులోనూ చప్పుడు లేదు. నా ఒళ్ళు మండిపోయింది.

బుధవారం సాయంత్రం పని ముగించుకుని అక్క ఇంటికెళ్ళాను. లాప్‌టాప్‌ని నిద్రపుచ్చి లేపి, వరసగా చూసుకుంటూ వచ్చాను. మెమరీ సగం ఖాళీ. డిస్క్ బాగుంది. దొంగచాటుగా మేసేస్తున్న ప్రోగ్రామ్ ఒక్కటీ లేదు. చివరికి ప్రాసెసర్ వేగం చూస్తే, మూడు వేల మెగాహెర్ట్జ్ మీద ఉరకాల్సింది నాలుగు వందల మీద ఈడుస్తోంది. ఎవరు తొక్కిపట్టారు దీన్ని?

వెతగ్గా వెతగ్గా దొరికింది. "వేడెక్కిపోతున్నాను, నువ్వు కాస్త తగ్గు" అని లోపలి భాగాలు ప్రాసెసర్‌కి చెప్పుకోవడానికి ఒక సిగ్నల్ ఉంటుంది. నిద్ర లేచిన ప్రతిసారీ అది మోగుతోంది. వేడి చూశాను. ప్రాసెసర్ నలభై ఐదు డిగ్రీలు, చల్లగా ఉన్నట్టే లెక్క. "అబద్ధాలకోరు ముండ! ఎవరికే వేడి?" అని పైకే అనేశాను. వేడి కొలిచే సెన్సర్ ఏదో చచ్చిందని తీర్మానించేశాను. అలాంటివి ఇదివరకు పది చూశాను, పదింటికీ ఒకటే మందు వేశాను. ఆ సిగ్నల్ వచ్చినా పట్టించుకోవద్దని ప్రాసెసర్‌కి చెప్పే నాలుగు లైన్లు రాసి, నిద్ర లేచిన ప్రతిసారీ వాటంతటవే నడిచేలా పెట్టాను. ఆ నాలుగు లైన్లూ ఇప్పటికీ నాకు నోటికొచ్చు.

రాస్తున్నంతసేపూ లాప్‌టాప్ ఊగుతూనే ఉంది. ఎడమ మూల కింద అక్క ఒక అట్టముక్క మడిచి పెట్టింది. కీబోర్డు కింది మౌస్ పలక కూడా బిగుసుకుపోయి సరిగ్గా నొక్కుకోవడం లేదు. "ఈ బల్ల కూడా నీ మొగుడిలాగే వంకరే" అని, అట్టని ఇంకో మడత వేసి మళ్ళీ దూర్చాను. ఊగడం ఆగింది.

అప్పుడే అక్క నా భుజం తట్టి, కీబోర్డు తనవైపు లాక్కుని ఏదో టైప్ చేసింది. ఇంకా నా మందు పనిచెయ్యడం మొదలుపెట్టలేదు, అంచేత అక్షరాలు పడలేదు, గొంతూ రాలేదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు చూశాను. నాకు ఓపిక చచ్చిపోయింది. "ఆగవే అక్కా, తర్వాత చెబుదువుగాని" అని రీస్టార్ట్ నొక్కేశాను.

తర్వాత చూడాలి ఆ వేగం! మూత వేసి తీస్తే, వేలు కీ మీంచి లేచేలోపు మాట. "ఒసేయ్ హడావిడీ, నీ చేతులకి బంగారు గాజులు తొడగాలే" అంది అక్క, తన గొంతుతో. బావ వంటింట్లోంచి తొంగిచూసి, "అయిపోయింది, ఇక నా నోరు లేవదు" అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. అక్క ఇందాక చెప్పబోయిందేమిటో అడగడం మర్చిపోయి ఇంటికెళ్ళిపోయాను.

గురువారం పొద్దున షాపుకి ఒక ఫొటోగ్రాఫర్ లాప్‌టాప్ తెచ్చాడు. "పడుకుని లేస్తే మొద్దుబారిపోతోందండీ" అన్నాడు. నేను మహా గొప్పగా, "ఆ జబ్బు నిన్ననే కుదిర్చాను, ఐదు నిమిషాల పని" అన్నాను. అతను దాన్ని బల్ల మీద పెట్టి, "ఇదొకటి, సరిగ్గా ఆనదు, ఊగుతుంటుంది" అన్నాడు.

అక్క లాప్‌టాప్ కింద నేను దూర్చిన అట్టముక్క గుర్తొచ్చింది. ప్లగ్ పీకేసి, వెనక్కి తిప్పి మరలు విప్పాను. ఆఖరి మర వదలగానే అడుగు రేకు దానంతటదే పైకి లేచింది. లోపల బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంది. తియ్యటి వాసనేదో ముక్కుకి తగిలింది. అక్క లాప్‌టాప్‌లోనూ వేడెక్కుతున్నానని మొత్తుకున్నది ప్రాసెసర్ కాదు, బ్యాటరీ పక్కనున్న సెన్సర్. అది అబద్ధమాడలేదు. దాని నోరు నేను మూయించాను, పైగా ఉబ్బిన పొట్ట కింద అట్ట దూర్చి వచ్చాను.

గడియారం చూస్తే పన్నెండు కావస్తోంది. "లాప్‌టాప్ వదిలేసి దూరంగా వెళ్ళు" అని మెసేజ్ పెట్టాను, చూడలేదు. స్కూల్ ఆఫీసుకి చేస్తే ఎంగేజ్. అక్కకే ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తింది.

"అక్కా, దాన్ని వదిలెయ్! గదిలోంచి బయటికి పో!"

అక్క ఫోన్ మాట్లాడే పద్ధతి ఒకటుంది. ఎత్తగానే ఫోన్‌ని లాప్‌టాప్ స్పీకర్ పక్కన పెట్టి, చెప్పాల్సింది టైప్ చేస్తుంది. నిన్నటిదాకా ఆ మాట పలకడానికి అర నిమిషం పట్టేది కాబట్టి, ఈలోపు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నేను చెప్పేది వినేది. ఆ అర నిమిషం ఇప్పుడు లేదు. నేనే తీసేశాను.

"హడావిడీ, గెలిచామే! క్లాసు అయిపోయింది, పిల్లలు చప్పట్లు కొట్టారు, ఆ పెద్దాయన వచ్చే ఏడాది కూడా..."

"అక్కా!" గొంతు చించుకుని అరిచాను. ఫొటోగ్రాఫర్ బిత్తరపోయి చూస్తున్నాడు.

"...నన్నే చెప్పమన్నాడు. లైబ్రరీ లేదు, గిబ్రరీ లేదు. కానీ ఏమిటో, ఇది కాస్త..."

బుస్సుమన్న శబ్దం. గొంతు మాట మధ్యలో తెగిపోయింది. కుర్చీలు పడ్డాయి. నీళ్ళు, ఇసుక, టీచర్‌ని పట్టుకోండి అని ఎవరెవరో అరిచారు. ఎంతమంది అరుపులో వినపడ్డాయి. అందులో అక్క అరుపు లేదు.

అక్క రెండు చేతులూ కాలాయి. నేలకేసి కొట్టకుండా, పక్క గదిలో పిల్లలున్నారని, మండుతున్నదాన్ని ఎత్తి కిటికీలోంచి బయటికి విసిరిందట. పుండ్లు మానతాయి కానీ వేళ్ళు వంగుతాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. బావ టీ తెచ్చి నా చేతికిచ్చాడు. తిడితే బాగుండును.

డిస్క్ మాత్రం బతికింది. అక్క రికార్డులన్నీ భద్రంగా ఉన్నాయి, పలికించడానికి వేళ్ళే ఆడవు. ప్రోగ్రామ్ రాసినప్పుడు నా సౌకర్యం కోసం ఒక చిట్టా పెట్టుకున్నాను. అక్క టైప్ చేసిన ప్రతి వాక్యం, ఏ వేళకి, పలికిందా లేదా అన్నది అందులో పడుతుంది. ఆసుపత్రిలో అక్క మంచం పక్కనే కూర్చుని దాన్ని తెరిచాను. బుధవారం సాయంత్రం దగ్గర ఆగాను.

అక్క చూస్తూనే ఉంది. "ఏముందే?" అని పెదాలు కదిపింది. చెప్పకుండా తప్పించుకోవచ్చు. కానీ ఆ మాట తను అప్పటికే ఒకసారి చెప్పింది, నేనే విననివ్వలేదు. పైకి చదివాను.

"హడావిడీ, రెండు రోజులుగా కింద ఎడమ మూల ఉబ్బినట్టుంది, చెయ్యి పెడితే కాలుతోంది, ఒకసారి విప్పి చూడవే."

దాని పక్కన నా ప్రోగ్రామ్ ఒక్క ముక్క రాసుకుంది. పలకలేదు అని.

అది కూడా చదివాను. అక్క తల అటు తిప్పుకుంది.