వద్దన్న

చొక్కా గుండీలు భార్య పెడుతుంటే అతను గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. కుడిచేతి బొటనవేలు చలికాలం నుంచీ మొద్దుబారిపోయింది. సూదితో గుచ్చినా తెలియడం లేదు. ఆ సంగతి ఆమెకు ఒక్కదానికే తెలుసు.

"ఆఫీసులో చెప్పెయ్యొచ్చుగా?" అందామె.

"చెబితే టవరెక్కనివ్వరు. నన్ను కూర్చోబెడితే ఇల్లు కూడా కూర్చుంటుంది."

"పోనీ మా తమ్ముడికైనా చెప్పు."

"వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

రాళ్ళ క్వారీలో అతను రేడియో మెకానిక్. కొండకు ఇటొక గొయ్యి, అటొక గొయ్యి. చేతి రేడియోల మాటకు కొండ అడ్డం. అందుకే కొండమీద టవరు, దాని కింద రేకుల షెడ్డులో రిపీటరు. ఎవరి మాటైనా విని, పైనున్న యాంటెన్నా నుంచి అన్నివైపులకూ మళ్ళీ చెప్పే పెట్టె అది.

కొత్త డ్రైవరుకు రేడియో ఇచ్చేటప్పుడల్లా అతని పాఠం ఒకటే. బటన్ నొక్కాక ఒక్క ఊపిరి ఆగాలి, రిపీటరు మేలుకోవాలి కదా. మాట అయ్యాక కూడా ఒక్క ఊపిరి ఆగి వేలు తియ్యాలి. లేకపోతే మాటకు తలా తోకా తెగుతాయి. మనం కాదనేది తోకలోనే. "పేల్చొద్దు" అన్నప్పుడు తోక తెగితే మిగిలేది పేల్చడమే. కాబట్టి ముందే ఒక "వద్దు" అనాలి. "వద్దు. పేల్చొద్దు." "వద్దు. లారీ పంపొద్దు." ఇలా చెప్పీ చెప్పీ అతని పేరే వద్దన్న అయిపోయింది.

"వద్దన్నా, టీ తాగుతావా?" అనేవాళ్ళు డ్రైవర్లు. "ఒక వద్దంటే ఒక కప్పు, రెండు వద్దులంటే రెండు కప్పులు!"

అతను నవ్వి, టీ అందుకునేవాడు.

ఆ రోజు గాలికి పగిలిన యాంటెన్నా మార్చాలి. గాలి విసిరినప్పుడల్లా మాటలు ముక్కలవుతున్నాయి. బావమరిది కొత్త యాంటెన్నా భుజాన వేసుకుని కొండెక్కుతున్నాడు. అతను వెనకబడ్డాడు.

"బావా, నిన్నూ మొయ్యమంటావా ఏంటి? ఇంకో భుజం ఖాళీగానే ఉంది."

"మొయ్యాల్సిన రోజు వస్తుందిలే. తొందరెందుకు?"

అతని నడుముకు కట్టిన తాడు టవరు కొనన ఉన్న కప్పీలోంచి దిగి బావమరిది చేతుల్లో ఉంటుంది. పైకి చేరాక అతను బెల్టు కొక్కెం కమ్మీకి తగిలించుకుని, "తాడు వదులు" అంటాడు. బావమరిది తాడు వదిలి, షెడ్డులోకి వెళ్ళి రిపీటరు ఆపుతాడు. ఆపకుండా యాంటెన్నా విప్పితే పెట్టె కాలిపోతుంది. ఎన్నో టవర్ల మీద ఇద్దరికీ అలవాటైన వరస.

కొనకు చేరి, పానా కమ్మీకి వేలాడదీసి, తాడు మీద వెనక్కి వాలి, కొక్కెం తగిలించబోయాడు. దాని నాలుక బొటనవేలితో నొక్కాలి. తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాడు. కొక్కెం కమ్మీకి రాసుకుని జారిపోయింది. కింద క్రషర్ మోత. అరిచినా వినపడదు. ఎడమచేత్తో కొక్కెం పట్టుకుని, కుడిచేత్తో రేడియో తీశాడు. బటన్ దిగిందో లేదో వేలికి తెలియలేదు. ఇంకా గట్టిగా అదుముతూ అన్నాడు:

"వద్దు. తాడు వదలొద్దు."

మొదటి మాట అయ్యాకగానీ బటన్ దిగలేదు. చివరి మాట పూర్తికాకముందే వేలు పక్కకు జారింది.

"తాడు వదల..." అని వినపడింది కింద.

"పాడు యాంటెన్నా," అని విసుక్కున్నాడు బావమరిది. "సరే బావా, వదిలేశా!" అని షెడ్డువైపు తిరిగాడు.

తలుపు గడియ తీస్తుండగా వెనక కంకరమీద బరువైన మూట పడ్డట్టు చప్పుడైంది.

"వద్దన్నా, అయిందా? పలకవేం?" అని అవతలి గొయ్యి నుంచి ఎవరో అడుగుతూనే ఉన్నారు.

సాయంత్రం బావమరిది అక్క కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"వదలమన్నాడక్కా. చెవులారా విన్నా. ముందు వద్దనలేదు, చివరా అనలేదు. బావ ఎప్పుడన్నా మర్చిపోయాడా?"

బొటనవేలి సంగతి ఆమె నోటిదాకా వచ్చింది. అది చెబితే, బావ వద్దనే అన్నాడని వీడికి తెలిసిపోతుంది. ఆమె తమ్ముడి తలమీద చెయ్యి వేసింది.

"మర్చిపోడు," అంది చివరికి. "వదలమనే అని ఉంటాడు."

కొండమీద, టవరు కొనన, చేతికందేలా అతను తగిలించుకున్న పానా గాలి వీచినప్పుడల్లా ఇనుప కమ్మీకి కొట్టుకుంటోంది.