తంబురకు తోలు పట్టా

తెగిన పోగు ముడి పడలేదు. పచ్చవాతం తగిలినప్పటి నుంచి అంబదాస్ ఎడమచేతి వేళ్లు మాట వినడం మానేశాయి. కరెంటు మగ్గం, అదే సాంచె, ఆగితే సేటు ఊరుకుంటాడా? పోగును పళ్లతో పట్టి బిగించి, మళ్లీ నడిపించాడు.

మగ్గాల మోతకు చెవులు ఎన్నడో మొద్దుబారినా చావిండ్లలో భజనలు పాడేటప్పుడు తన తంబుర తీగ మాత్రం అతనికి వినబడేది. ఇప్పుడు అదీ లేదు. పోయిన నెల ఒక చావింట్లో భజన నడుమ తంబుర భుజం మీంచి జారి శవం పక్కనే పడింది. అపశకునమన్నారు. అప్పటి నుంచి అతన్ని పాడనివ్వక వెనకవరుసలో కూర్చోబెడుతున్నారు. అంతకన్నా చచ్చిపోవడం నయమనిపించేది.

మధ్యాహ్నం కబురొచ్చింది. పక్క సాంచె నడిపే గంగయ్య పోయాడు. ‘నన్ను నువ్వే పాడి సాగనంపాలె’ అని ఎప్పుడో మాట తీసుకున్నవాడు.

అంబదాస్ ఇంటికొచ్చేసరికి భార్య దేవవ్వ, సాంచె నుంచి తీసేసిన పాత తోలు పట్టాను తంబురకు బిగించి పెట్టింది.

“మెడల ఏసుకో. చెయ్యి జారినా తంబుర జారదు.”

“తంబురను సంటిపిల్ల లెక్క ఎత్తుకోవాలె, కట్టేసుకోవద్దన్నడు మా గురువు.”

“మీ గురువుకు పచ్చవాతం రాలే.”

అంబదాస్‌కు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. మెల్లగా మెడ వంచాడు.

చావింట్లో డోలక్ వాయించే ఇస్తారి గొంతు తగ్గించి అడిగాడు. “గిదేందే అన్నా, బస్సు కండక్టర్ లెక్కున్నవ్?”

“గంగయ్యకు టికెట్ కొట్టాలె గద.”

బరువంతా పట్టా మోసింది. ఎడమచేయి ఒడిలో పడి ఉంది, కుడిచేతి వేలు తీగ మీటింది. నెల రోజులుగా గొంతులో అడ్డుపడ్డ పాట బయటికొచ్చింది. గంగయ్య బిడ్డ వచ్చి తండ్రి మీద పడి ఏడుస్తుంటే అంబదాస్ వేలు నెమ్మదించింది, ఆగింది. తల తంబుర మెడకు ఆనింది. పాటలో మునిగితే అతను అట్లాగే వాలేవాడు. బిడ్డ ఏడుపు తీరనిద్దామని ఆపాడనుకుని ఇస్తారి డోలక్ మీద మెల్లగా దరువు సాగించాడు. తంబుర కిందపడి ఉంటే అందరూ తిరిగి చూసేవారు. అది పడలేదు.

“లే, గంగయ్యను పాడె మీదికి లేపుతుండ్రు,” అంటూ దేవవ్వ వచ్చి భుజం ముట్టుకుంది. ఒళ్లు చల్లగా తగిలింది.

“నేనే గట్టిగ కడితి,” అంది. “జారితే అందరు జూద్దురు. నేనే గట్టిగ కడితి.”

ఇస్తారి అతని మెడలోంచి పట్టా తప్పించి, తంబురను గోడకు ఆనించాడు. అంబదాస్ మెడకు ఆనిన చోట తోలు ఇంకా చెమటతో తడిగానే ఉంది.