నూనెగుడ్డ తగిలిన గిటారు

విజయదుర్గ మంచే చేద్దామనుకుంది. కూతురు సింధు వారం రోజులు గరుకు కాగితంతో రుద్దిన గిటారు చెక్క మీద పిండిలా పొడి కనిపించింది. తుడవకుండా వదిలేస్తే ఆమె విజయదుర్గే కాదు. చీరాలలో పుట్టింటి హార్మోనియం తుడిచినట్టే, గుడ్డకు రెండు చుక్కలు కొబ్బరినూనె అద్ది, నిగనిగలాడేలా తుడిచి పెట్టింది.

మర్నాడు సింధు ఎర్రరంగు పట్టించింది. చెక్కంతా దానిమ్మగింజలా తేలింది గానీ, నడుమ అరచేయంత మేర, అంచున మరో రెండు చోట్ల రంగు పట్టక తెల్లగా పాలిపోయింది.

"అమ్మా, దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"దుమ్ము తుడిచానే. కాస్త నూనెతో..."

సింధు మచ్చలను థిన్నర్‌తో తుడిచింది, మళ్ళీ రుద్దింది, మళ్ళీ రంగేసింది. మచ్చలు పోలేదు. విడిభాగాలుగా డబ్బాలో వచ్చిన ఆ బేస్ గిటారును, లావాటి నాలుగు తీగలతో సహా, మళ్ళీ డబ్బాలో సర్దేసింది. కోప్పడినా బావుండేదనిపించింది విజయదుర్గకి.

ఆదివారం ఎల్బీనగర్‌లో సంగీతం హాలు నడిపే కుసుమకుమారి తన బృందంలోకి బేస్ వాయించేవాళ్ళను ఎంచుకుంటుంది. వాద్యం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఇవాళ గురువారం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు. బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్‌లో షట్టర్లన్నీ దించే ఉన్నాయి. కొత్త చెక్క ఎక్కడ దొరుకుతుంది?

చీరల దుకాణం మూసి ఇంట్లోనే ఉన్న ఇంటావిడ కౌసల్య సాయంత్రం కిందనుంచి వచ్చింది.

"ఏంది వదినె, పిల్ల మూతి ముడుసుకున్నది?"

విజయదుర్గ డబ్బా తెరిచి చూపించి, జరిగింది చెప్పింది. కౌసల్య పకపకా నవ్వింది.

"మీ చీరాలోళ్ళు నూనె పెట్టి నూలుకు రంగు పట్టిస్తరంటరు. నువ్వేంది వదినె, నూనె పెట్టి రంగు పోగొట్టినవ్!"

"నవ్వకండి వదినగారూ. అది ఆదివారం ఎంపికకు వెళ్ళనంటోంది."

"ఎందుకు పోవు బిడ్డా? మచ్చలుంటే మోగదా?"

"మోగుతుంది ఆంటీ. అందరూ కొన్నవి తెస్తారు. దీన్ని చూసి నవ్వుతారు."

కౌసల్య చెక్కను వెలుతురుకేసి తిప్పింది. పెళ్ళికాకముందు పోచంపల్లిలో ఆమె చిటికి కట్టేది. నూలుకు రబ్బరుపీలికలు చుట్టి రంగులో ముంచితే, కట్టిన చోట రంగు పట్టదు.

"ఎరుపున్నది. తెలుపు మీ అమ్మ ఇచ్చింది. నలుపు ఒక్కటే తక్కువ. మా నేతోళ్ళ పాత రుమాళ్ళ రంగులు ఇవే. నల్లరంగున్నదా?"

"ఉంది."

"పాత సైకిల్ ట్యూబు తెస్తా. కత్తెర తీయి."

ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. విజయదుర్గ పీలికలు కత్తిరించింది, ఒక్కటి వంకర పోకుండా. కౌసల్య బిగించి కట్టింది. "వదులుంటే లోపలికి పారుతది, గుంజి పట్టు" అంటూ సింధు చేత కూడా కట్టించింది. మచ్చల మీద అడ్డంగా, మిగతాచోట మెట్లు మెట్లుగా కట్టి, పైన గుడ్డతో నల్లరంగు అద్దారు.

శుక్రవారం పీలికలు విప్పారు. రెండు చోట్ల నలుపు లోపలికి పారింది. విజయదుర్గ తుడవడానికి గుడ్డ అందుకుంది.

"గట్లనే ఉండాలె" అంది కౌసల్య. "గీత గీసినట్టుంటే చిటికి ఎట్లయితది?"

నలుపులోంచి ఎరుపు, ఎరుపులోంచి తెలుపు, అంచులు వణుకుతూ తేలాయి. ఏది మచ్చో, ఏది కట్టో తెలియలేదు. సింధు చెక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత కిందింట్లో తలుపులకని ఉంచిన లక్క పాలిష్ అడిగి తెచ్చుకుంది. శనివారం రాత్రికి తీగలు బిగించింది.

ఆదివారం తల్లీకూతుళ్ళు నడిచే బయల్దేరారు. కొత్తపేట దగ్గర రోడ్డు మీద పొయ్యిలు పెట్టి సమ్మెవాళ్ళ వంటావార్పూ జరుగుతోంది. సింధు భుజానున్న గిటారును చూసి గరిటె పట్టుకున్న ముసలాయన ఆపాడు.

"ఎవరు కట్టిన్రమ్మా గీ చిటికి?"

"కౌసల్య ఆంటీ కట్టింది. నేనూ కట్టాను. కట్టకముందు మా అమ్మ..." సింధు నవ్వు ఆపుకుంది. "మా అమ్మ చేయి కూడా ఉంది."

ఆయన ఇద్దరి చేతుల్లో పులిహోర పెట్టి పొమ్మన్నాడు.

హాలు గుమ్మం చేరేసరికి లోపలినుంచి సింధు పేరు పిలిచారు. లక్క మెరుపు మీద పులిహోర తిన్న వేళ్ళ ముద్ర పడింది. సింధు గిటారు తల్లి ముందుకు చాపింది.

"అమ్మా, కాస్త తుడువు. పొడిగుడ్డతో."