గాజు గార

ల్యాబు కెమిస్టు కృపావతి చిల్లకల్లు బోర్ల దగ్గర నీళ్ళ శాంపిళ్ళు పట్టుకుని ఫ్యాక్టరీకి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. ల్యాబు గుమ్మం ముందు ఇశ్రాయేలు రెండు చేతులూ నీళ్ళ బకెట్లో ముంచుకుని కూర్చున్నాడు. వీరులపాడులో వాళ్ళ పక్కింటివాడు, ఆమెని ఎత్తుకుని పెంచినవాడు.

"ఏమైంది బాబాయ్?"

"పైకేం లేదు కృపమ్మా. లోపల ఎముకల్లో పోటు. పొద్దున మేనేజరుగారిచ్చిన పౌడరు కలిపా."

అతని వేళ్ళ కొసలు సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉన్నాయి.

అది ఎనభై ఆరో సంవత్సరం. జగ్గయ్యపేట పక్కన ఆ ఫ్యాక్టరీలో బాయిలరుకి పోసే బోరునీళ్ళని ముందు సన్నటి పొరల గుండా నెట్టి శుద్ధిచేసేవాళ్ళు. ఆ పొరల మీద సిలికా గాజులా గారకట్టి, నీళ్ళు సగానికి పడిపోయాయి. మేనేజరు భవానీప్రసాద్ యాసిడ్ పోయించాడు. "అది సున్నపు గారకి సార్. దీన్ని కదపలేదు. కాస్టిక్ సోడా నీళ్ళు గోరువెచ్చగా తిప్పుతూ రెండు రోజులు నాననివ్వండి" అని కృపావతి చెప్పింది. "రెండ్రోజులు ప్లాంటు ఆపమంటావా? డిగ్రీ చదివితే ఇంజినీరువి కావమ్మా" అన్నాడాయన, అందరి ముందూ. ఆ తర్వాత హైదరాబాదు నుంచి ఫ్లోరైడు పౌడరు డ్రమ్ము తెప్పించాడు. దానితో వచ్చిన ఇంగ్లీషు కాయితం చదివి, ఎవరూ ముట్టుకోవద్దని ఆమె రాసి మరీ ఇచ్చింది. ఆమె బయటికెళ్ళిన పూట చూసి ఇశ్రాయేలుతో కలిపించాడు.

"జీపు కావాలి సార్. నందిగామ ఆస్పత్రికి" అంది కృపావతి, మేనేజరు గదిలోకి వెళ్ళి.

భవానీప్రసాద్ ఫైల్లోంచి తలెత్తలేదు. "జీపు బెజవాడ వెళ్ళాలి. కాస్త బర్నాల్ రాసుకోమను."

ఆమె గది బయటికొచ్చేసింది. ఇశ్రాయేలుని జీపెక్కించి, తనూ ఎక్కి కూచుని, "పోనీ అన్నా. అడిగితే నా పేరు చెప్పు" అంది డ్రైవరుతో. అతను మేనేజరు గది వైపోసారి చూసి బండి స్టార్టు చేశాడు.

ఆస్పత్రిలో డాక్టరు చేతులు తిప్పి చూసి, "పుండే లేదు కదమ్మా" అన్నాడు. "పుండు పడ్డాక ఏం చేస్తారండీ? ఇది చర్మం దాటి ఎముకలో కాల్షియాన్ని తినేస్తుంది. కాల్షియం ఇంజక్షన్ ఇవ్వాలని ఇదిగో, ఇందులోనే ఉంది" అంటూ డ్రమ్ముతో వచ్చిన కాయితం ఆయన బల్లమీద పరిచింది. ఆయన చదివి నర్సుని కేకేశాడు. చేతులు దక్కాయి. ఎడమచేతికి మాత్రం రెండు వేళ్ళ కొసలు తీసేయాల్సొచ్చింది.

మూడోరోజు భవానీప్రసాద్ ఆమెని పిలిపించి రిపోర్టు ముందుకి తోశాడు. కార్మికుడు గ్లవ్స్ వేసుకోకుండా అజాగ్రత్తగా పనిచేశాడని ఉంది. సాక్షిగా సంతకం పెట్టమన్నాడు.

"ఏ గ్లవ్స్ సార్? స్టోర్లో ఉన్నవన్నీ గుడ్డవి. ఆ పౌడర్లో ఏముందో అతనికి చెప్పారా?"

"మీవాడని వెనకేసుకొస్తున్నావా?"

"అవును, మావాడే. మావాడు కాబట్టే చెప్పకుండా చేయించారు. మీ తమ్ముడైతే ఆ డ్రమ్ము మూత తీయనిచ్చేవారా?"

ఆయన నోరు తెరిచేలోపే పెన్ను తీసి, జరిగింది జరిగినట్టు ఆ రిపోర్టు కిందే రాసింది. తను ముందే రాసిచ్చిన హెచ్చరిక తేదీతో సహా. ఆ మాటలే ఇంకో కాయితం మీద రాసి, ఆ సాయంత్రమే పోస్టాఫీసుకెళ్ళి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకి రిజిస్టరు పోస్టు చేసింది.

ఇన్‌స్పెక్టరు నెల తర్వాత వచ్చాడు. డ్రమ్ముకి సీలు వేశాడు. భవానీప్రసాద్‌ని కంపెనీ ఇంకో ఊరు మార్చింది, హోదా తగ్గించకుండానే. ఇశ్రాయేలుకి గేటు దగ్గర కూర్చునే పనిచ్చారు.

పొరల్ని చివరికి కృపావతే కడిగింది, కాస్టిక్ నీళ్ళతో, రెండు రోజులు. మూడోరోజు పొద్దున మోటారు వేస్తే నీళ్ళు ధారగా దూకాయి. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఎందుకు కొడుతున్నారు?" అని అరిచింది కృపావతి. "రెండంటే రెండు రోజులు! ఆనాడే ఇచ్చుంటే ఏం పోయేది?"

ఆమె మీటరు చూసి లాగ్‌బుక్కులో అంకె వేసింది.