రెండు రిమోట్ల తిమింగలం

తిమింగలం పొట్టకి ఇస్త్రీ పెడుతుంటే మా ఆయన తన తెల్ల చొక్కా తెచ్చి నా భుజం మీద పడేశాడు.

"పనిలో పనిగా ఇది కూడా లాగెయ్. కాలరు దగ్గర జాగ్రత్త, ఇవాళ కెమెరాలుంటాయి."

ఆ తిమింగలమే మా బతుకుతెరువు. పల్చటి వెండిరంగు ప్లాస్టిక్ పొర, లోపల హీలియం గ్యాసు, పొట్ట కింద మోటార్లూ చిన్న ఫ్యాన్లూ ఉన్న కిలో బరువు పెట్టె. గ్యాసు నింపితే మా ఇంటి హాల్లో పట్టదు. షోరూములు తెరిచేటప్పుడు, కొత్త కార్లు జనానికి చూపించేటప్పుడు కంపెనీల వాళ్లు మమ్మల్ని పిలుస్తారు. రిమోట్‌తో దాన్ని తలల మీద ఈదిస్తే పిల్లలే కాదు, టై కట్టుకున్న వాళ్లు కూడా నోళ్లు తెరుచుకుని పైకి చూస్తారు. అలా చూసినప్పుడు దాని పొట్ట మీద కంపెనీ పేరు కనిపించాలి. అంతే మా వ్యాపారం. అతుకులు ఊడితే గుడ్డ అడ్డం పెట్టి ఇస్త్రీపెట్టెతో అంటించడం నా పని. ముక్కు బరువు చాలకపోతే మైనం ముద్దలు పెట్టడం నా పని. ఎగరెయ్యడం కూడా నా పనే. ఈ చివరిది మాత్రం బయటివాళ్లెవరికీ తెలియదు.

మొట్టమొదటి ప్రదర్శన ఒక బొమ్మల దుకాణం ముందు. అప్పుడు రిమోట్ ఆయన చేతిలోనే ఉంది. జనాన్ని చూడగానే ఆయన వేళ్లు వణికాయి, తిమింగలం వెళ్లి దుకాణం బోర్డుకి గుద్దుకుంది. పక్కన సంచులు మోస్తూ నిలబడ్డ నేను అవి కింద పడేసి రిమోట్ అందుకున్నాను. అతుకులేసిన ప్రతిసారీ దాన్ని ఎగరేసి పరీక్షించేది నేనే కాబట్టి దాని ఒళ్లు నా వేళ్లకి తెలుసు. "ఈ ఒక్కసారికి నువ్వు తెర వెనక కూర్చుని ఎగరెయ్, నేను ముందు నిలబడి మాట్లాడతాను. మగాడు పైలట్ అంటే క్లయింటుకి నమ్మకం," అన్నాడు ఇంటికొచ్చాక. ఆ ఒక్కసారి ఇంకా అయిపోలేదు. నాకు కొత్త రిమోట్ కొనిచ్చాడు. పాతదాంట్లో బ్యాటరీలు తీసేసి తను పట్టుకున్నాడు. స్టేజి మీద నల్ల కళ్లద్దాలతో ఆ ఉత్త రిమోట్ మీటలు తిప్పుతుంటే నిజంగా ఆయనే ఎగరేస్తున్నాడని ఒక్కోసారి నాకే అనిపించేది. కానీ రెండూ ఆ ఒక్క తిమింగలానికే జత చేసినవి. రెంట్లోనూ బ్యాటరీలుంటే అది రెంటి మాటా వింటుంది. కొత్తది కొన్న రోజే చూశాను. ఒకటి ఎడమకి రమ్మంటే ఒకటి కుడికి పొమ్మంటుంటే, ఒకపక్క మొగుడూ ఒకపక్క అత్తగారూ పురమాయిస్తున్నప్పుడు వంటింటి గుమ్మంలో నేను నిలబడినట్టే నిలబడి, వణికిపోయింది.

"ఇవాళ్టిది ఓకే అయిందంటే ఏడాది కాంట్రాక్టు," అన్నాడు చొక్కా తొడుక్కుంటూ. "అప్పుడు ఒక మనిషిని పెట్టేద్దాం. వారం రోజులు నేర్పించు. ఆ తర్వాత నువ్వు హాయిగా ఇంట్లో ఉండొచ్చు. అమ్మకీ మోకాళ్లు బాగాలేవు కదా."

పక్క గదిలోంచి అత్తయ్య వెంటనే అందుకుంది. "నేనెప్పట్నుంచో మొత్తుకుంటున్నాను. ఆడదానికి ఇంకా ఆ బొమ్మలాటలేంటి? మంచినీళ్లు పెట్టి వెళ్లమ్మా."

మంచినీళ్లు పెట్టాను. రోజంతా గిన్నెలు, బట్టలు, మందుబిళ్లలు, మళ్లీ గిన్నెలు. వీటన్నిటి మధ్య నాకు దొరికేది ఆ కాసేపే. చీకట్లో ప్లాస్టిక్ కుర్చీ మీద, తెర సందులోంచి చూస్తూ, అంత పెద్ద ప్రాణిని నా రెండు బొటనవేళ్లతో గాల్లో నిలబెట్టే ఆ కాసేపు. దాన్ని నా చేత్తోనే ఇంకొకరికి నేర్పించి, నేను ఇంటికి రావాలి. దానికి పేరు హాయి.

హాలు పెద్దది. ముందు వరసలన్నీ కంపెనీ వాళ్లవి. పైకప్పుకి పెద్ద పెద్ద దీపాలు బిగించారు, దగ్గరికెళితే మొహం కాలేంత వేడి. ఏర్పాట్లు చూసే ఈవెంట్ మేనేజరు, చెవిలో తీగ, చేతిలో వాకీటాకీతో తిరుగుతున్న పాతికేళ్ల పిల్ల, మా ఆయన దగ్గరికి పరుగున వచ్చింది.

"సార్, మీ రిమోట్ లైటు వెలగట్లేదేంటి? మీ చేతుల్ని క్లోజప్‌లో పెద్ద స్క్రీన్ మీద చూపిస్తాం. ఆపేసి ఉన్నట్టు కనిపిస్తుంది."

"లూజు కాంటాక్టమ్మా. నేను చూసుకుంటా."

అంతలో నా ఫోను మోగింది. అత్తయ్య. "నా కళ్లజోడెక్కడ పెట్టావు?" టీవీ మీద ఉందని చెప్పేసరికి మా ఆయన స్టేజి ఎక్కేశాడు. ఆ లైటుకి ఏం చేశారని అడిగే వీల్లేకపోయింది.

"పైలట్ గారికి గట్టిగా చప్పట్లు!" అంది మైకు. ఆయన లేచాడు. నేను తెర వెనక కూర్చున్నాను.

తిమింగలం నోట్లో కొత్త కారు తాళంచెవి. దాన్ని హాలంతా తిప్పి, ముందు వరసలో కూర్చున్న ఛైర్మన్ గారి చేతిలో పెట్టించాలి. ఆవిడ తెల్లజుట్టు మనిషి, వచ్చినప్పట్నుంచీ ఒక్కసారి కూడా నవ్వలేదు. మీట మెల్లగా ముందుకి తోశాను. తోక ఊగింది. హాలంతా "ఓ..." అంది.

నడవ దాటేవరకు బాగానే వెళ్లింది. అక్కడ ఎడమకి తిప్పాను. అది సగం తిరిగి, ఎవరో చెవి పట్టి లాగినట్టు కుడికి ఎగిరింది. మళ్లీ ఎడమకి లాగాను. వణికింది. ముక్కు దించమంటే ఎత్తింది. నా రిమోట్ పాడైందనుకున్నాను. ఏసీ గాలి అనుకున్నాను. పొద్దున అంటించిన అతుకు ఊడిందేమో అనుకున్నాను. ఏది జరిగినా ముందు నా తప్పు వెతుక్కోవడం నాకు అలవాటు. అప్పుడు పక్క స్క్రీన్ మీద మా ఆయన చేతులు కనిపించాయి. గోడంత చేతులు. వాటి మధ్య రిమోట్. రిమోట్ మీద ఆకుపచ్చగా, నిక్షేపంగా వెలుగుతున్న లైటు.

బ్యాటరీలు వేశాడు. కెమెరాలో లైటు కనిపించడానికి బ్యాటరీలు వేసి, ఎప్పటిలాగే షోకుగా మీటలు తిప్పుతున్నాడు. ఇన్నేళ్లు ఉత్తుత్తిగా తిప్పీ తిప్పీ, అది నిజంగా పనిచేసే వస్తువన్న సంగతే మర్చిపోయాడు.

తిమింగలం పైకి లేస్తోంది. ఇంకో రెండు బారలు లేస్తే దీపాలు. ఆ వేడికి పొర కరిగి చీలిందంటే కిలో బరువు పెట్టె సరాసరి కింద జనం మీదే. కింద ఒకావిడ ఒళ్లో పసిబిడ్డని నిలబెట్టుకుని "అదుగో చూడు, అదుగో" అని పైకి చూపిస్తోంది.

"మా తిమింగలం ఇవాళ కాస్త అల్లరి చేస్తోందండోయ్!" అన్నాడు మా ఆయన మైకులో. జనం నవ్వారు. ఆయన తెర వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఇంటికి రా, నీ సంగతి చెబుతా. నేనే కావాలని చేస్తున్నానని అనుకుంటున్నాడు! కాంట్రాక్టు చెడగొట్టి ఇంట్లో కూర్చోకుండా తప్పించుకోవాలని చూస్తున్నానని.

నా రిమోట్ ఆపేస్తే అది పూర్తిగా ఆయన చేతుల్లోకి పోతుంది. ఆ చేతుల సంగతి నాకు తెలుసు. ఆయనది ఆపాలంటే తెర దాటాలి. ప్రదర్శన జరుగుతుండగా తెర దాటకూడదన్నది ఆయన నాకు పెట్టిన ఒకే ఒక్క షరతు. నిప్పంటుకున్నా సరే అన్నాడు ఒకసారి నవ్వుతూ.

తెర పక్కకి తోసి నడిచాను. దీపాల వెలుగు మొహం మీద కొట్టింది. పాత చీర, చెంగు మీద మైనం మరకలు. ఆయన మొహం పాలిపోయింది.

"లోపలికి పో," అన్నాడు పళ్ల బిగువున. కాలరుకి పెట్టిన మైకు సంగతి మర్చిపోయాడు. ఆ మాట హాలు నాలుగు మూలలా వినిపించింది. "లోపలికి పొమ్మంటే! నలుగురూ చూస్తున్నారు."

"దాన్ని ఆపండి." నా గొంతు కూడా ఆ మైకులోంచే వినిపించింది. నాకే కొత్తగా ఉంది. "మీ రిమోట్ ఆపండి. పైన దీపాలు."

ఆయన ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నేను దాని వెనక మూత మీద బొటనవేలు పెట్టి లాగాను. బ్యాటరీలు స్టేజి మీద టపటపా రాలాయి. ఆకుపచ్చ లైటు ఆరిపోయింది. తలెత్తి నా మీట కిందికి నొక్కాను. దీపానికి జానెడు దూరంలో తిమింగలం ఒక్క క్షణం ఆగి, ముక్కు వంచి, తల్లి పిలిస్తే వచ్చినట్టు దిగింది. పసిబిడ్డ దాని తోక ముట్టుకున్నాడు. ఛైర్మన్ గారి ముందు ఆపాను. ఆవిడ తాళంచెవి తీసుకుని దాన్ని కాదు, నన్ను చూసింది.

"ఎవరీవిడ?"

"మా ఆవిడండీ," మా ఆయన నవ్వేశాడు. "నాకు కాస్త సాయం చేస్తుంటుంది లెండి."

ప్రదర్శన అయ్యాక మాకిచ్చిన చిన్న గదిలో నేను కుర్చీలో కూర్చుని తిట్ల కోసం ఎదురుచూశాను. మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన తలుపు తీసుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అదృష్టం అంటే మనదే! అదంతా మనం ముందే అనుకుని ఆడిన కామెడీ అని చెప్పేశాను. ఆ మేనేజరు పిల్లకి తెగ నచ్చేసింది. సాయంత్రం డీలర్ల ముందు కూడా అలాగే కావాలంటోంది. నువ్వు కంగారుగా పరిగెత్తుకురా, నేను 'లోపలికి పో' అంటాను, నువ్వు తల దించుకుని వెనక్కి వెళ్లిపో. జనం పడిపడి నవ్వుతారు. నేర్పించడానికి ఇంకో మనిషి కూడా అక్కర్లేదు, నువ్వే ఉండొచ్చు. నీకూ సరదా తీరుతుంది. ఏమంటావు?"

సిద్ధం చేసుకున్న మాటలన్నీ గాలి తీసేసిన పొరలా కూలబడ్డాయి. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని. బతిమాలితే, ఎప్పటిలా, సరేననేదాన్నేమో. నేను అడక్కుండానే నాకు కావలసింది ఇస్తున్నాడు. ఎగరెయ్యడం నాతోనే ఉంటుందట. రోజూ వందల మంది ముందు లోపలికి పొమ్మనిపించుకుని, వాళ్లు నవ్వుతుంటే లోపలికి పోతే చాలట.

నా రిమోట్ వెనక మూత తీశాను. బ్యాటరీలు ఒక్కొక్కటే బల్ల మీద పేర్చాను. ఆయన పాత రిమోట్ పక్కన నా రిమోట్ పెట్టాను.

"సాయంత్రానికి ఒక్క రిమోటే," అన్నాను. "ఈ బ్యాటరీలు మీదాంట్లో వేస్తే మీరే ఎగరెయ్యండి, ఇక్కడే, జనం లేకముందే నాకొకసారి ఎగరేసి చూపించాక. నాదాంట్లో వేస్తే స్టేజి మీద నేనే నిలబడతాను, మీరు పక్కన కూర్చుని మాట్లాడండి. ఇంకో కామెడీ నాకు రాదు."

"పిచ్చెక్కిందా? ఇంత అవకాశం..." అంటూ బ్యాటరీల కోసం చెయ్యి చాపాడు. వేళ్లు వణికాయి. ఒకటి దొర్లి బల్ల అంచు దాటి కింద పడి, బీరువా కిందికి పోయింది.

ఆయన నా వైపు చూశాడు. కోపంగా కాదు, మామూలుగా. ఇంట్లో పెన్ను పడినా, చెంచా పడినా, అత్తయ్య చేతికర్ర పడినా అలాగే చూస్తారు. నేను వంగుతాను. నా నడుము నన్ను అడక్కుండానే సగం వంగింది కూడా. ఆపాను. నిటారుగా నిలబడ్డాను. చివరికి ఆయన ఇస్త్రీ చొక్కా నలగకుండా చూసుకుంటూ, మోకాళ్ల మీద కూర్చుని బీరువా కిందికి చెయ్యి పెట్టాడు.

"దొరికాక ఎందులో వేస్తారో మీ ఇష్టం," అన్నాను తలుపు తీస్తూ. "నేను ఆ తెర విప్పి వస్తాను."