మీరే రాసుకొచ్చేయండి, సంతకం పెడతాను

“మీరే రాసుకొచ్చేయండి సిస్టర్, సంతకం పెట్టేస్తాను” అన్నాడు పెద్ద డాక్టరు, తడి చేతులు ముందుకు చాపి. ఆమె తువ్వాలు అందించింది. పద్నాలుగేళ్లుగా అందిస్తూనే ఉంది. అది నర్సు పని అని ఏ పుస్తకంలోనూ రాసి లేదు గానీ, ఒక్కరోజు అందించకపోతే మాత్రం ఆ ఆపరేషన్ థియేటర్లో అదో వింత అవుతుంది.

పీజీ నర్సింగ్‌లో చేరాలంటే రెండు సిఫారసు ఉత్తరాలు కావాలన్నారు. ఒకటి చదువు చెప్పినవాళ్లది, రెండోది ఎవరి కింద పనిచేస్తోందో వాళ్లది. మొదటిది నాలుగు రోజుల్లో వచ్చింది. రిటైరై, చూపు మందగించి కూడా పాత మేడమ్ రెండు పేజీలు తన చేత్తో రాసి పంపింది. రెండోదాని కోసం ఈమె మూడు వారాలు పెద్ద డాక్టరు గది గుమ్మం పట్టుకుని నిలబడింది. శుక్రవారం ఆఖరు తేదీ. నలభై దాటితే తీసుకోరు, ఆమెకు వచ్చే నెల నలభై నిండుతాయి. ఈ శుక్రవారం దాటితే ఆ చదువు ఈ జన్మకు లేనట్టే. మూడు వారాల నిలువుకాళ్ల ఉద్యోగానికి సోమవారం ఫలితం దక్కింది, మీరే రాసుకొచ్చేయండి అని.

ఇంటికొచ్చి కుక్కర్ పొయ్యి మీద పెట్టి, వంటగట్టు ఒక మూల తుడుచుకుని కాగితం పరుచుకుంది. పక్క గదిలో కాలు విరిగి మంచం పట్టిన అత్తగారు. ఆవిడను లేపి కూర్చోబెట్టేదీ, స్నానం చేయించేదీ, పక్క మార్చేదీ ఈమే. ఆవిడ మాత్రం చూడటానికొచ్చిన వాళ్లందరితో, “మా కోడలికి ఊళ్లోవాళ్లకు సూదులు పొడిచే తీరిక ఉంటుంది గానీ, ఇంటి ముసలిదాన్ని చూసే తీరికెక్కడిదమ్మా” అంటుంది, అదీ ఈమె చేత్తో కలిపిచ్చిన పాలు తాగుతూనే. భర్త రెండు రకాలుగా మాట్లాడతాడు. స్నేహితుల ముందైతే, “నర్సు పెళ్లాముంటే ఇంట్లో ఆసుపత్రి ఉన్నట్టేరా!” అని నవ్వుతాడు. దరఖాస్తు సంగతి చెప్పిన రోజున మాత్రం పేపర్లోంచి తల ఎత్తకుండా, “ఇప్పుడు చదివి ఎవర్ని ఉద్ధరించాలి? మరి అమ్మనెవరు చూస్తారు?” అన్నాడు. ఆ అమ్మ ఆయన అమ్మేనని ఆ క్షణాన ఎవరికీ గుర్తురాలేదు, ఈమెతో సహా.

కాగితం మీద ముందు పడిన మాటలు ఓర్పు గలది, వినయం గలది, మాట మీరదు. చదివి చూసుకుంటే పెళ్లిసంబంధం చెప్పే మధ్యవర్తి పిల్లను పొగిడినట్టుంది. కొట్టేసింది. తన గురించి మంచి మాట రాయడానికి ఇంత యాతనేమిటని తన మీద తనకే కోపం వచ్చింది. ఇతరుల గురించైతే చేయి పరుగెడుతుంది కదా! ఏడాదిలో ఏం చేశారో ఎవరిది వాళ్లే రాయమని భర్త ఆఫీసులో ఇచ్చే ఫారం ఈమే నింపుతుంది. తన తువ్వాలు ఎక్కడుందో తనకు తెలియని మనిషిని పన్నెండు మందిని నడిపించే సమర్థుడని వర్ణిస్తుంది. నిరుడు వార్డులో తమ్ముడికీ ఇలాంటి సిఫారసు ఉత్తరం తనే రాసిపెట్టింది. వయసులో చిన్నవాడని ఆ కుర్ర నర్సును అందరూ తమ్ముడనే పిలుస్తారు. “అక్కా, నాకేం రాయాలో తెలీదు, నువ్వే ఏదో ఒకటి రాసిపెట్టక్కా” అని బతిమాలాడు. అతను చేసిన గొప్ప పనేదో ఎంత వెతికినా దొరక్క, జాలిపడి, తను చేసిన పనొకటి తీసి అతనికి తొడిగింది.

అదొక ఆదివారం మధ్యాహ్నం. కడుపు ఆపరేషన్ అయిన మనిషి. కట్టు పొడిగానే ఉంది, నాడి మాత్రం అంతకంతకూ పరుగెడుతోంది, కడుపు రాయిలా బిగుస్తోంది. లోపల రక్తం పోతోందని ఆమె వేళ్లకు తెలిసిపోయింది. పెద్ద డాక్టరు ఏదో పెళ్లిలో ఉన్నాడు, ఫోను ఎత్తడు. తమ్ముడు నంబరు నొక్కుతూనే ఉన్నాడు. ఈమె రెండో చేతికి కూడా సెలైన్ పెట్టింది, రక్తం తెప్పించింది, థియేటర్ తెరిపించింది. పట్టుబట్టల్లో ఆయన వచ్చేసరికి కత్తి పట్టుకోవడమే తరువాయి. మనిషి బతికాడు. బంధువులు డాక్టరు కాళ్ల మీద పడ్డారు. ఈమె నేల మీది రక్తం తుడిపించింది. ఆ ఉత్తరంతో తమ్ముడికి సీటొచ్చింది. మిఠాయి తెచ్చి, “అంతా నీ చలవే అక్కా” అన్నాడు పాపం, అబద్ధమేం చెప్పలేదు.

ఈసారి ఆ ఆదివారాన్ని తన పేరు మీద రాసుకుంది. నాలుగంటే నాలుగు వాక్యాలు. రాస్తుంటే కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో లెక్క తప్పింది. వంట మాడింది, మాట పడింది. అయినా ఎందుకో చాలా రోజుల తర్వాత హాయిగా అనిపించింది.

బుధవారం పెద్ద డాక్టరు చదివాడు. నాలుగో వాక్యం దగ్గర కనుబొమలు ముడిపడ్డాయి.

“ఇదేంటి సిస్టర్?”

“జరిగిందే సార్.”

“జరిగినవన్నీ రాసుకుంటామా? నేను పెళ్లి భోజనంలో ఉంటే నర్సు వైద్యం చేసిందని నేనే చాటింపు వేయించుకోవాలా?”

“తమ్ముడి ఉత్తరంలో ఇదే రాశాం సార్. మీరు సంతకం పెట్టారు.”

“అతని సంగతి వేరు. మగపిల్లాడు, పైకి రావాల్సినవాడు. అతను చేశాడంటే ఎవరూ నమ్మర్లెండి, ఉత్తరాల్లో గొప్పలు మామూలే అనుకుంటారు” అని నవ్వాడు. “మీ సర్వీసు చూస్తే మాత్రం నమ్మేస్తారు.”

ఇంతలో ఫోను మోగింది. అది చెవికి ఆనించుకుని, ఎవరితోనో స్థలం గురించి మాట్లాడుతూనే ఎర్ర పెన్ను తీశాడు. ఆ నాలుగు వాక్యాల మీదా గీత పెట్టి, పక్కన ఏదో రాసి కాగితం ఇటు తోశాడు. ఫోను అరచేత్తో మూసి, “నీటుగా తిరగరాసి తెండి, రేపు పెట్టేస్తాను” అన్నాడు.

ఆమె బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లి చూసుకుంది. పైన, ‘విధేయత, ఓర్పు గురించి పెంచాలి’ అని ఉంది. గీతల పక్కన, ‘నేను రాకముందు ఈమె చేసినవి వద్దు’ అని ఉంది. ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కంటే తన మీదే ఎక్కువ. అడిగీ అడగకముందే చేసిన పనిని ఇంకొకరి చేతిలో పెట్టేయడం తనకెవరు నేర్పారు? ఇంట్లోనూ అంతే, ఆసుపత్రిలోనూ అంతే. తను చేస్తుంది, పేరు మాత్రం దారిన పోయేవాళ్లకు పోతుంది, ఇవ్వకుండా దాచుకుంటే పాపమన్నట్టు ఇచ్చేస్తుంది. బీరువా తలుపుకు తల ఆనించి ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వార్డుకు వెళ్లింది, ఇంజక్షన్ల వేళయింది మరి.

గురువారం పొద్దున్నే, డ్యూటీకి వెళ్లేముందు తెల్లకాగితం తీసి తిరగరాయడం మొదలుపెట్టింది. ‘విధేయురాలు’ అన్న మాట దాకా వచ్చి పెన్ను ఆగింది. అప్పుడే భర్త తన ఫారం తెచ్చి పక్కన పెట్టాడు.

“ఎలాగూ రాస్తున్నావుగా, నాదీ కానిచ్చెయ్. పోయినేడు రాసిందే కొంచెం మార్చు.”

“ఈసారి మీరే రాసుకోండి.”

“నాకేం రాయాలో ఏం తెలుసు?”

“చేసినవి రాయండి.”

ఆయన ఫారం తీసుకుని, “అడక్కూడనిదేదో అడిగినట్టు ఏంటా మొహం” అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ ఎర్రగీతల కాగితం చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. కేసు షీట్లో ఏది కొట్టేసినా గజిబిజిగా గీకెయ్యరు. ఒకటే గీత పెట్టాలి, కింది అక్షరాలు కనబడాలి, కొట్టేసినవాళ్లు పక్కన సంతకం చేసి తేదీ వెయ్యాలి. పెద్ద డాక్టరుది ముప్పై ఏళ్ల అలవాటు, ఫోను మాట్లాడుతూ కూడా చెయ్యి తన పని తను చేసుకుపోయింది. ఆమె సగం రాసిన తెల్లకాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. సోమవారం ఈ సంగతి ఆయనకు తెలిస్తే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. భయం వేసింది కూడా.

శుక్రవారం దరఖాస్తులు తీసుకునే కిటికీ దగ్గర గుమాస్తా కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూసుకుంటూ రెండో ఉత్తరం దగ్గర ఆగాడు.

“ఇదేంటమ్మా, నిండా ఎర్రగీతలు? తీసుకుంటారో లేదో నేను చెప్పలేను. అయినా చివర సంతకం లేదు కదా?”

“ఉందండీ” అని ఆమె కిటికీలోంచి చెయ్యి పెట్టి, పేజీ నడుమ వేలు ఉంచింది. “నేను చేసిన పని కొట్టేసిన చోట పెట్టారు.”